తుత్తునాగము పుట్టుపూర్వోత్తరములు

రాగి కరగుటకు 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి కావలయును. ఇనుమునకు 1538 డిగ్రీలు కావలయును. తుత్తునాగమో, 419 డిగ్రీలకే కరగిపోవును. ఇంత సులభముగా కరగెడి లోహము ఆ రెంటికంటెను ముందుగా మానవుని చేతికి చిక్కియుండవలెనని తోచును గాని, చరిత్ర అందుకు విరుద్ధముగా నడచినది. సీసమును, తగరమును వేలయేండ్లుగా పోతపోయుచుండిన జాతులకు సైతము తుత్తునాగము విడిలోహముగా దొరకుట మిక్కిలి అరుదయ్యెను. ఇందుకు కారణము దాని కరగు వేడిమి కాదు, మరగు వేడిమి.

907 డిగ్రీలకు తుత్తునాగము మరగి ఆవిరియగును. దాని ఖనిజమునుండి బొగ్గు సాయమున ప్రాణవాయువును తొలగించుటకు రమారమి వేయి డిగ్రీలు కావలసియుండుటచే, లోహము కొలిమిలో ఆవిరిగానే జనించి, గాలి సోకినంతనే తెల్లని భస్మముగా మారిపోవును. రోమకులు రాగిముక్కలను ఈ ఖనిజముతోను బొగ్గుతోను మూసలో బంధించి కాల్చి, ఆవిరిని రాగిలో ఇంకించి ఇత్తడి చేసిరి. అయితే ఆ పద్ధతిలో తుత్తునాగపు పాలు సుమారు 28 శాతమును మించదు, విడిలోహము కంటికి కానరాదు.

ఆ ఆవిరిని పట్టి ద్రవముగా దింపి, లోహమును విస్తారముగా తీసిన కీర్తి రాజస్థానమున ఉదయపురమునకు దక్షిణముననున్న జావర్ గనులవారిది. వారి కొలిమి రెండంతస్తులది. ఖనిజచూర్ణముతో నింపిన మట్టిమూసలు ముప్పదియారింటిని, నడుమనున్న రంధ్రముల పలకపై తలక్రిందులుగా నిలిపి, పైయంతస్తున మంట పెట్టెడివారు. ప్రతి మూస మెడలోను ఒక పుల్లను గ్రుచ్చెడివారు: మూసను బోర్లించునప్పుడు చూర్ణము జారిపడకుండ ఆపునదియు, తాను కాలిపోయి ఆవిరికి దారి విడుచునదియు ఆ పుల్లయే! ఇంతకంటె పొదుపైన ఉపాయమును లోహశాస్త్రమున నేనెరుగను. పైని వేయిడిగ్రీలకు మించిన వేడిమి. క్రింది గదిలో ఆవిరి నిలువని చల్లదనము, అయినను లోహము నాళములో గడ్డకట్టి దారి మూయనంతటి వెచ్చదనము. 907కును 419కిని నడుమనున్న ఆ యెడమును, ఉష్ణమాపకము లేని కాలమున, వారు కంటిచూపుతోను అనుభవముతోను సాధించిరి. పదుమూడవ శతాబ్దిదని తలచబడు రసరత్నసముచ్చయమను రసశాస్త్ర గ్రంథము వంకాయ యాకారపు మూసను, ఉమ్మెత్తపూవువలె విప్పారిన పండ్రెండంగుళముల నాళమును వర్ణించినది. 1980 దశకమున జావర్‌లో జరిగిన త్రవ్వకములు అట్టి మూసలనే, కొలుములతో సహా, బయటపెట్టినవి.

ఇంగ్లండున బ్రిస్టల్‌వాసి విలియం ఛాంపియన్ ఈ లోహమును తీయు పద్ధతికి 1738లో పొందిన పేటెంటును, 1746లో బెర్లినున రసాయనజ్ఞుడు మార్గ్రాఫ్ జరిపిన ప్రయోగమును తుత్తునాగపు చరిత్రకు ఆరంభముగా గణించుట, వారి ప్రతిభ యెంతటిదైనను, న్యాయము కాదు. ఛాంపియన్ కొలిమియు ఆవిరిని క్రిందికే దింపెడిది. జావర్ కొలుములు అంతకు శతాబ్దముల ముందే ఆ పని చేసినవి.

మన ప్రాంతమునకు చేరువలో ఈ లోహమునకు గొప్ప వినియోగము బీదరున గలదు. 1956 వరకు హైదరాబాదు రాజ్యమున నుండిన ఆ పట్టణపు బిద్రీపాత్రలలో అధికభాగము తుత్తునాగమే; రాగి స్వల్పము. ఇత్తడి మూసలో రాగిని విడిచి రాని ఆవిరితో అట్టి పాత్రను పోయుట అసాధ్యము; దానికి విడిలోహమే ఆధారము.