జట్టు విడిచిన పాటగాడు ఎచ్చటికి పోవును?

పాయెగా ప్రభువులైన షమ్స్-ఉల్-ఉమ్రాల బిరుదును బట్టి పేరు వచ్చినదని చెప్పెడు శంషాబాదు, 2008 మార్చి నెలకు ముందు, బెంగుళూరు బాటమీద లారీలును మహబూబ్‌నగరు మార్గమున పాసింజరు బండ్లును కొంతసేపు ఆగి పోవు చిన్న మజిలీ మాత్రమే. బేగంపేట నుండి విమానములు ఇటు తరలివచ్చిన నాటినుండి ఈ యూరికి నేల విలువ పెరిగినది, నిశ్శబ్దము కరవైనది. తూర్పు పడమరలుగా పరచిన 4,260 మీటర్ల రన్‌వే పరిసరముల పల్లెలలో, కొత్తగా లేచిన అపార్టుమెంటులలో, ఒక గదిలో మైకు నిలిపి తన పాటను తానే రికార్డు చేసికొన దలచిన వానికి మొదటి శత్రువు ఈ గగనఘోషయే. తలుపునకు బొంత వ్రేలాడదీయవచ్చును. ఫ్యాను ఆపివేసి చెమటలు కక్కుచు పాడవచ్చును. బట్టలతో నిండిన బీరువా తెరచి దాని యెదుట నిలువవచ్చును, అప్పుడు గోడల ప్రతిధ్వని కొంత అణగును. ప్రక్కయింటి కుక్కరు ఈల వేసి ఊరకుండును. విమానపు హోరు అట్టిది కాదు. సెకనుకు 50 కంపనములు గల మంద్రధ్వని తరంగము పొడవు ఇంచుమించు ఏడు మీటర్లు. అంగుళము మందపు దూది దాని నేమి చేయగలదు? గోడలకు కోడిగ్రుడ్ల అట్టలు అంటించుట మన కుర్రవాండ్రకు పరిపాటి గాని, వెలుపలి చప్పుడు ఆపుటలో అవి బొంతపాటి కూడ చేయవు. పోనీ రాత్రివేళ పాడుకొందమన్నచో, గల్ఫు విమానములలో పెక్కింటి రాకపోకలు అర్ధరాత్రి దాటిన పిదపనే. కావున ఇచ్చట ఇంటిలో పాట పట్టువాడు, విమానము దాటిపోవువరకు పల్లవిని నోటిలోనే నిలుపుకొని వేచియుండ నేర్వవలెను.

ఇంత యిక్కట్టు పడి ఇంటిలోనే పాడనేల యన్న ప్రశ్నకు అర్ధశతాబ్దపు చరిత్ర కలదు. 1970 ఏప్రిలులో, బీటిల్స్ బృందము విచ్ఛిన్నమైన వార్తతోపాటే, పాల్ మెకార్ట్నీ చాలభాగము లండనులోని తన యింటిలో పట్టిన ఆల్బమును వెలువరించెను. వాద్యములన్నియు నించుమించు ఆయనయే వాయించెను. ఆయనకు ధనమునకు కొదువ లేదు. సామాన్యునకు ఆ వెసులుబాటు లభించినది 1979లో: టియాక్ వారి పోర్టాస్టూడియో, సాధారణమైన క్యాసెట్టుమీదనే నాలుగు ట్రాకులను వేరువేరుగా పట్టగల పెట్టె, అంగడిలోనికి వచ్చెను. దాని మహిమ లోకమునకు తెలిసినది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వలన. 1982 జనవరి 3వ తేదీన, న్యూజెర్సీలోని కోల్ట్స్‌నెక్‌లో అద్దెయింటి పడకగదిలో, రెండు మైకులతో, గిటారుతో, మౌతార్గనుతో అతడు ఒంటరిగా పట్టిన పాటలు తన బృందమునకు నేర్పుటకై వ్రాసికొన్న చిత్తుప్రతులవంటివి. డబ్బా కూడ లేని ఆ క్యాసెట్టును కొన్ని వారములు జేబులో వేసికొని తిరిగెను. పిదప బృందమంతయు స్టూడియోలో కూడి అవే పాటలను హంగులతో వాయించి చూడగా, వానిలో ఆ పడకగది చీకటి లేకపోయెను. తుదకు జేబులోని క్యాసెట్టే ‘నెబ్రాస్కా’ అను పేర ఆ యేటి సెప్టెంబరులో విడుదల యయ్యెను.

ఈ త్రోవను ఒక పరంపరగా మలచుకొన్నవారిలో వేల్స్ దేశపు పాటగాండ్రను చెప్పుకొనవలెను. కార్మార్తెన్ పట్టణములో బడిపిల్లలుగా ‘గోర్కీస్ జైగోటిక్ మంకీ’ యను విచిత్రమైన పేరుతో జట్టు కట్టిన యూరోస్ చైల్డ్స్ బృందము వేల్ష్‌లోను ఆంగ్లములోను పాడి, 1997లో ‘బరఫండిల్’ ఆల్బముతో పెద్ద కంపెనీ గడప త్రొక్కినది. ఎనిమిది పాటలు బ్రిటను జాబితాలో డెబ్బదియైదు లోపల నిలిచినవి గాని ఒక్కటియు నలుబది లోపలికి చొరలేదు. ఈ అపూర్వ ఘనతను వారి అభిమానులు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు! 2006లో జట్టు విచ్చిపోయెను, చైల్డ్స్ ఆ యేడే తన పేరిట ఆల్బము తెచ్చెను. మరుసటి యేడు పూర్తిగా వేల్ష్‌లో ఇంకొకటి. 2009లో ఒకదానిని అంతర్జాలమున ఉచితముగనే పంచిపెట్టి, పిదప ‘నేషనల్ ఎల్ఫ్’ అను సొంత సంస్థ నెలకొల్పుకొనెను. సూపర్ ఫర్రీ ఏనిమల్స్ గాయకుడు గ్రిఫ్ రీస్ కథయు ఇట్టిదే. 2000లో ఆ బృందము సొంత సంస్థ పేర వెలువరించిన ‘మూంగ్’ అను వేల్ష్ ఆల్బము బ్రిటను జాబితాలో పదునొకండవ స్థానమున నిలిచి, పార్లమెంటులో ప్రస్తావనకు సైతము వచ్చెను. అయినను 2005లో అతడు ఏకాంతమున, దాదాపు అన్ని వాద్యములను తానే వాయించి, తన మొదటి సొంత ఆల్బమును వేల్ష్‌లోనే పాడెను.

ఇచ్చట ఒక లెక్క చెప్పక తప్పదు. 2021 జనాభా లెక్కల ప్రకారము వేల్స్‌లో వేల్ష్ మాటాడువారు సుమారు 5,38,000 మంది. శంషాబాదు నుండి నగరములోనికి పోవు దారిలో రెండు మూడు నియోజకవర్గములు కలిపిన అంతకు మించును. తెలుగు మాతృభాషగా గలవారు 2011 లెక్కలకే ఎనిమిది కోట్లు దాటిరి. అయినను జట్టు విడిచిన పాటగాడు తన భాషలో తన యింట కూర్చుండి పాడి నిలద్రొక్కుకొనుట అచ్చట సాధ్యమై, ఇచ్చట అరుదైనది. కారణము ప్రతిభలోపము కాదని నా నమ్మకము. వారి చిన్న భాషకు పాటను మ్రింగివేయు చలనచిత్ర పరిశ్రమ లేదు. ఉన్నది 1969 నాటి ‘సైన్’ వంటి చిన్న రికార్డు కంపెనీలును, 1977లో ఆరంభమై, దినదినము వేల్ష్ పాటలు కావలసిన రేడియో కేంద్రమును. ఆకలిగొన్న రేడియో ఒకటి యున్నచోట పడకగది పాటకు గూడ పిలుపు వచ్చును.

మనకు పిలుపు వచ్చునది ఒకే దిక్కునుండి. 1932 నాటి ‘భక్తప్రహ్లాద’తో మాట నేర్చిన తెలుగు చిత్రము నాటకసమాజముల పద్యమును, గ్రామఫోను ప్లేటును క్రమముగా తనలో కలుపుకొనెను. మద్రాసు రేడియో కేంద్రము 1938లో వెలసిన తరువాత లలితగీతమొక్కటి వేరు గూడు కట్టుకొన్నది గాని, దానిని పెంచిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు సైతము ‘స్వర్గసీమ’ చిత్రమునకు పాట కట్టినవారే. ‘పుష్పవిలాపము’ పద్యములను ప్రైవేటు రికార్డుగా ఇంటింటికి చేర్చిన ఘంటసాల కంఠము అప్పటికే సినిమా వలన జనులకు చిరపరిచితము. ఈ శంషాబాదు ప్రక్కనే నర్కుడలోని అమ్మపల్లి రామాలయమును చూడుడు: కోనేటి మెట్లు, గాలిగోపురము, కొబ్బరితోట, అన్నియు ప్రాచీనములే, అయినను దానిని చూడవచ్చిన క్రొత్తవారు దేవుని కన్న ముందు ఏయే చిత్రములు అచ్చట తీసిరో అడుగుదురు.

మన కాలపు ఉదాహరణము రామ్ మిరియాల. హైదరాబాదు వేదికగా ‘చౌరస్తా’ బృందముతో ‘ఊరెళ్ళిపోతా మామా’ పాడి, 2020లో కరోనా వేళ ‘చేయి చేయి కలపకురా’ అని హెచ్చరించిన యీ గాయకుడు, జట్టునుండి వెలువడిన పిమ్మట ఇంటి గదికి మరలి ఆల్బములు కట్టుకొనునని ఎదురుచూచినవారు లేకపోలేదు. కాని 2021లో ఆయన పాడిన ‘జాతిరత్నాలు’ చిత్రములోని చిట్టి పాట ఊరూర మారుమ్రోగెను, 2022లో ‘డీజే టిల్లు’ పేరుపాటకు స్వరమును కంఠమును ఆయనవే. ఇందు ఆయనను తప్పుపట్టుటకు ఏమియు లేదు. ఇల్లు గడువవలెను, పాట పదిమందికి చేరవలెను. చేరినది కూడ.

అయినను ఇంటిలో ఒంటరిగా పాట పట్టుటలోని కష్టము డబ్బుతో తీరునది కాదని వేరుగ చెప్పవలసియున్నది. బుర్రకథలో కథకుని కిరువైపుల హాస్యగాడును రాజకీయుడును నిలిచి వంత పాడుట అలంకారమునకు మాత్రమే కాదు. కథకుడు ఉబ్బిపోయినచో ఒకడు ఎగతాళి చేయును, దారి తప్పినచో రెండవవాడు నిలదీయును. బృందములో డ్రమ్ము వాయించువాడును బేసు గిటారు పట్టువాడును చేయునది సరిగా ఆ పనియే: “ఈ చరణము చాల పొడుగైనది, తీసివేయుము” అని మొగము మీద అనగలవారు వారే. ఇంటిలో లాప్‌టాపు ముందర కూర్చున్నవాడు తన వంతను గూడ తానే పాడుకొనవలెను. అందుచేతనే ఇంటి రికార్డులలో కొన్ని అతి విశృంఖలములు, కొన్ని అనన్యములు. స్ప్రింగ్‌స్టీన్ తన క్యాసెట్టునే ఎన్నుకొన్నది బృందము వాయించిన ప్రతిని విన్న తరువాతనే యన్న సంగతి మరువరాదు.

ఇక మన పాటగానికి పిలుపు వచ్చు దిక్కు నేటికిని మారలేదు. 1990లలో ‘మిస్టీ రిథమ్స్’ జట్టుతో ‘ఏయ్ లైలా’ యను ప్రైవేటు ఆల్బము చేసి, 1998లో ‘ప్రేమంటే ఇదేరా’తో చిత్రసీమలో ప్రవేశించి, ‘తమ్ముడు’, ‘బద్రి’ చిత్రములతో యువకుల నుర్రూతలూగించి, పిదప సంగీతమునకు చాలకాలము దూరమైన రమణ గోగుల, ఆ గరుకు గొంతుతో 2025 సంక్రాంతికి మరల తెలుగు ఇండ్లలో మ్రోగెను. ఆయన పాడిన ‘గోదారి గట్టు’ను భీమ్స్ సిసిరోలియో స్వరపరచెను, పాట మాత్రము ఆల్బములోనిది కాదు, వెంకటేశ్ చిత్రములోనిది.