చట్టం వదిలిన చోట: బళ్లారి సరిహద్దులో కతోలిక బడుల క్రమశిక్షణ, పిల్లల మధ్య వేధింపు

సారాంశం

మన దేశంలో కతోలిక పాఠశాలలు రాజ్యాంగం 30(1) అధికరణం కింద మైనారిటీ సంస్థలు. 2014 నాటి సుప్రీంకోర్టు తీర్పుతో విద్యాహక్కు చట్టం వాటికి వర్తించకుండా పోయింది. పిల్లలను కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు అన్న ఆ చట్టంలోని నిషేధమూ దాంతోపాటే తప్పుకుంది. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఇంగ్లీషు ఒకే తరగతి గదిలో కలిసే బళ్లారిలో ఈ ఖాళీ ప్రభావం ఏమిటో చట్టాలు, తీర్పులు, కతోలిక సభ పత్రాల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పిల్లల మధ్య వేధింపుకు బడి శిక్షలే నమూనా అవుతాయనీ, చట్టం మినహాయించిన నిషేధాన్ని కతోలిక యాజమాన్యాలు స్వయంగా రాతపూర్వకంగా స్వీకరించాలనీ వాదిస్తుంది.

కీలక పదాలు: బళ్లారి, కతోలిక విద్య, మైనారిటీ హక్కు, మాతృభాష, వేధింపు, నివారణ పద్ధతి

1. సరిహద్దు బడి స్వభావం

1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన దత్తమండలాల్లో బళ్లారి ఒకటి. మద్రాసు రాష్ట్రంలో ఉన్నంతకాలం అది తెలుగు, కన్నడ నాడులు కలిసిన జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. రెండు పక్షాలూ గట్టిగా కోరుకున్న బళ్లారి తాలూకాపై జస్టిస్ మిశ్రా కమిషన్ వేయాల్సివచ్చింది. సరిహద్దు గీత పాలన మార్చింది కానీ ఇంటి భాష మార్చలేదు. బళ్లారి రాఘవ, కోలాచలం శ్రీనివాసరావుల నాటకరంగం వెలిగిన ఈ ఊళ్లో నేటికీ ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు.

ఇక్కడ కతోలిక మేత్రాసనం (డయోసిస్) 1949లో ఏర్పడింది. ఈ ప్రాంతపు కతోలిక బడుల్లో చదివే పిల్లలు అందరూ కతోలికులు కారు. హిందువులు, ముస్లింలు కూడా ఇంగ్లీషు చదువు కోసం, క్రమశిక్షణకు ఉన్న పేరు చూసి పిల్లలను చేర్పిస్తారు. అంటే మైనారిటీ హక్కుతో నడిచే సంస్థలో చదివే పిల్లవాడు మరో రకంగా మైనారిటీ కావచ్చు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మాట్లాడే పిల్లను గేలి చెయ్యాలంటే యాస ఒక్కటి చాలు.

2. శిక్ష నేర్పే పాఠం

వేధింపు అధ్యయనాలకు పునాది వేసిన డాన్ ఓల్వేయస్ దానికి మూడు లక్షణాలు చెప్పాడు: బాధపెట్టాలనే ఉద్దేశం, పదేపదే జరగడం, ఇద్దరి మధ్య బలంలో తేడా. ఇద్దరు సమానులు కొట్టుకుంటే అది తగాదా. ఒకరు ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు రోజూ ఏడిపిస్తే అది వేధింపు. నార్వేలో 1982లో ముగ్గురు బాలుర ఆత్మహత్యల తర్వాత ఆయన రూపొందించిన కార్యక్రమం బెర్గెన్ నగర బడుల్లో వేధింపును దాదాపు సగానికి తగ్గించింది. ఫిన్లాండులో క్రిస్టీనా సాల్మివల్లీ పరిశోధన మరో అడుగు ముందుకు వేసింది. వేధించేవాడికి బలం చుట్టూ నిలబడి నవ్వేవాళ్ల నుంచి వస్తుందని ఆమె చూపింది.

ఈ దృష్టితో మన బడుల అలవాట్లు చూడాలి. తరగతి లీడరు చేత మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాయించడం, తెలుగులోనో కన్నడంలోనో మాట్లాడితే జరిమానా వేయడం, అందరి ముందూ నిలబెట్టడం మామూలు. 2009లో కడప జిల్లా మైదుకూరులోని ఒక ఇంగ్లీషు మీడియం బడిలో, ఇకపై తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేలాడదీసిన ఘటన రాష్ట్రమంతా కలకలం రేపింది. ఈ శిక్షలో ఓల్వేయస్ చెప్పిన మూడు లక్షణాలూ ఉన్నాయి. పైగా చుట్టూ నవ్వే ప్రేక్షకులను బడే సమకూరుస్తుంది. ఎవరిని ఎగతాళి చేయవచ్చో పెద్దలు గుర్తు పెట్టి చూపించాక, ఇంటర్వెల్లో పిల్లలు ఆ పనే కొనసాగిస్తారు. అప్పుడు ఆ పిల్లలకు నీతి బోధించే అర్హత బడికి ఎక్కడుంది?

3. ఒకే రోజు రెండు తీర్పులు

2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రెండు తీర్పులిచ్చింది. ప్రమతి ట్రస్టు కేసులో, ఎయిడెడ్ అయినా కాకపోయినా మైనారిటీ బడులకు 2009 విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. కర్ణాటక ప్రభుత్వం అప్పీలు చేసిన మరో కేసులో, ప్రాథమిక స్థాయిలో మాతృభాషా మాధ్యమాన్ని బడులపై బలవంతంగా రుద్దకూడదని చెప్పింది.

రెండూ కలిసి బళ్లారి కతోలిక బడికి విశాలమైన స్వేచ్ఛనిచ్చాయి. ఆ స్వేచ్ఛతో పాటు పోయినవేమిటో లెక్క చూడాలి. శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించే 17వ సెక్షన్ పోయింది. ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా పిల్లవాణ్ణి వెళ్లగొట్టరాదన్న 16వ సెక్షన్ పోయింది. చదువు భయం, ఆందోళన లేకుండా సాగాలన్న 29వ సెక్షన్ సూత్రమూ పోయింది. ప్రమతి కేసులో ప్రధాన వివాదం సీట్ల గురించే. పిల్లవాడి వీపు మీద పడే బెత్తం గురించి కాదు. అయినా చట్టం మొత్తంగా తప్పుకోవడంతో ఈ రక్షణలూ వెళ్లాయి.

ఇతర చట్టాలు లేకపోలేదు. తన అదుపులో ఉన్న పిల్లలపై క్రూరంగా ప్రవర్తించేవారిని 2015 బాలల న్యాయ చట్టం 75వ సెక్షన్ శిక్షిస్తుంది. 2000లో ఢిల్లీ హైకోర్టు శారీరక శిక్షను అనుమతించే ఢిల్లీ నిబంధనలను కొట్టేసింది. కానీ క్రిమినల్ చట్టం గాయమయ్యాక వస్తుంది. రోజువారీ అవమానాన్ని ఆపాల్సింది బడి నియమావళే.

కులం విషయంలోనూ ఇలాంటి ఖాళీయే ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు. కులం పేరుతో దూషణకు గురైన దళిత క్రైస్తవ బాలికకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం అండగా నిలవదు. ఆమె చదివేది కతోలిక బడి అయితే, ఆమెను కాపాడగల సమీప వ్యవస్థ సభ ఒక్కటే.

4. సభ సొంత సంప్రదాయం

ఈ బాధ్యత సభకు బయటి నుంచి అంటగట్టేది కాదు. 1877లో కతోలిక గురువు, విద్యావేత్త డాన్ బోస్కో రాసిన నివారణ పద్ధతి, అణచివేత పద్ధతికి ప్రత్యామ్నాయంగా హేతువు, మతం, ప్రేమపూర్వకమైన ఆదరణ అనే మూడింటిపై విద్యను నిలబెట్టింది. తప్పు జరిగాక దండించడం కంటే, పిల్లల మధ్య పెద్దలు నిరంతరం ఉంటూ తప్పుకు అవకాశం తగ్గించడం దాని కీలకం. ఆధునిక పరిశోధన చెప్పేదీ ఇదే. పెద్దల కళ్లు లేని చోట, అంటే టాయిలెట్ల దగ్గర, బస్సులో, భోజన విరామంలో, వేధింపు పెరుగుతుంది.

భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2007 విద్యావిధానం పేదలకు, అట్టడుగు వర్గాలకు ప్రాధాన్యమివ్వాలంది. 2016 దళిత సాధికారతా విధానం సభలోని కులవివక్షను ఒప్పుకుంది. 2024 మార్గదర్శకాలు అన్ని మతాల పిల్లలనూ గౌరవించాలనీ, అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించాలనీ సూచించాయి. బళ్లారి పొరుగున ఉన్న కర్నూలు మేత్రాసనానికి పీఠాధిపతిగా పనిచేసిన పూల ఆంథోనీ 2022లో తొలి దళిత కార్డినల్ అయ్యారు. ఆ గౌరవం తరగతి గదిలో చివరి బల్ల దాకా చేరాలి.

5. అభ్యంతరాలు, ప్రతిపాదనలు

కిక్కిరిసిన తరగతిని బెత్తం లేకుండా నడపలేమని ఉపాధ్యాయులు అంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అని తల్లిదండ్రులే సామెత చెబుతారు. ఉపాధ్యాయుల ఇబ్బంది నిజం. కానీ భయపడ్డ పిల్లవాడు తప్పు మానడు, దాచడం నేర్చుకుంటాడు. తనకంటే చిన్నవాడి మీద అదే ప్రయోగిస్తాడు. స్వయంప్రతిపత్తి పోతుందన్న యాజమాన్యాల భయానికీ జవాబుంది: తమకు తాము రాసుకునే నియమం ఆ స్వయంప్రతిపత్తికి నిదర్శనమే.

మేత్రాసన స్థాయిలో ఐదు పనులు సాధ్యం. మొదటిది, 16, 17 సెక్షన్ల సారాన్ని ప్రతి బడి నియమావళిలో, ఉపాధ్యాయుల నియామక పత్రంలో చేర్చడం. రెండోది, ఇంగ్లీషు సాధనను పాఠం వేళకు పరిమితం చేసి, మాతృభాషపై జరిమానాను, పేర్లు రాయించడాన్ని రద్దు చేయడం. మూడోది, ఇంటర్వెల్లో, బస్సులో ఉపాధ్యాయుల వంతులు వేసి వారి పనిభారంలో లెక్కించడం. నాలుగోది, తెలుగు, కన్నడ, ఉర్దూల్లో ఫిర్యాదు చేసుకునే వీలున్న కమిటీ. 2015 మార్చిలో సీబీఎస్ఈ తన బడులకు ఇలాంటి కమిటీలే సూచించింది. బళ్లారి కమిటీలో యాజమాన్యానికి చెందని సభ్యులు, తల్లిదండ్రులు ఉండాలి. బాలల సహాయ నంబరు 1098 ప్రతి తరగతిలో కనిపించాలి. ఐదోది, వేధించిన పిల్లవాడికి టీసీ ఇచ్చి పంపకుండా, కమిటీ ముందు వాడి మాట విని, చేసిన హాని తనే సరిదిద్దేలా చేయడం. టీసీతో సమస్య పక్క బడికి మారుతుంది, పరిష్కారం కాదు.

6. ముగింపు

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం ప్రమతి తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విస్తృత ధర్మాసనం పరిశీలనకు నివేదించింది. తీర్పు ఎటు వచ్చినా బళ్లారి బడుల బాధ్యత మారదు. సంఖ్యలో తక్కువైనవాళ్లను సంఖ్యలో ఎక్కువైనవాళ్ల నుంచి కాపాడడమే మైనారిటీ హక్కు వెనుక ఉన్న న్యాయం. ఆ న్యాయాన్ని కోర్టులో కోరే సంస్థ తన తరగతిలో ఒంటరైన పిల్లకు దాన్ని నిరాకరించకూడదు. దీనికి పార్లమెంటు సవరణ అక్కర్లేదు, కోర్టు ఆదేశం అక్కర్లేదు. మేత్రాసన విద్యా విభాగం ఒక సర్క్యులర్ జారీ చేసి, దాని అమలును ఏటా తల్లిదండ్రుల ముందు పెడితే చాలు. వచ్చే విద్యా సంవత్సరానికే ఇది మొదలుకావచ్చు.