కాపరి లేని ఉరి

ఉరి యనగానే పెద్దలకు హితోపదేశమందలి జింక కథ స్ఫురింపక మానదు. పండిన చేనికి అలవాటుపడి దినదినము మేయవచ్చుచున్న జింకను పట్టుటకై చేని యజమాని నరములతో పేనిన ఉరి నొగ్గెను. జింక చిక్కెను. స్నేహితుడనని నమ్మించిన నక్క, నేడు ఆదివారము, నరములను పంట ముట్టరాదని తప్పించుకొనెను. కాకి చెప్పిన ఉపాయముచొప్పున జింక చచ్చినట్లు పడియుండగా, తెల్లవాఱి రైతు వచ్చి తన చేతులతో ఉరి విప్పి ప్రక్కకు మరలినంతనే అది లేచి పరుగెత్తెను. రైతు విసరిన కఱ్ఱ తగిలి నక్క చచ్చెను.

బాలురకు ఈ కథను మిత్రద్రోహమునకు దృష్టాంతముగా చెప్పుదుము. నేను దీనిని మఱియొక పనికి వాడుకొందును. ఆ రైతు ఉరి నొగ్గి మఱచిపోలేదు. తెల్లవాఱుసరికి చేనికి వచ్చెను. విప్పు చేయి యొకటి ఉండినందుననే జింక బ్రదికెను. ఉరికిని, దానిని ఒగ్గిన మనుష్యునికిని గల ఈ సంబంధము ఎట్లు సాగినదో, ఎట్లు తెగినదో చెప్పుట ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

ఉరికి కట్టడి మన దేశమున క్రొత్తది కాదు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అచ్చువేయించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున సూనాధ్యక్షుని ప్రకరణమొకటి కలదు. రాజు అభయమొసగిన మృగములను, పక్షులను, మత్స్యములను బంధించినను, చంపినను, హింసించినను ఉత్తమదండము విధింపవలెనని అందున్నది. చంపుటకంటె ముందు బంధించుటను చెప్పుట గమనింపదగినది. ప్రాణము పోవువఱకు ఆగనక్కఱలేదు. ఉరి బిగిసిననే నేరము.

ఇక వేటయే జీవనముగా గలవారి మాట. నా చిన్ననాట కోతలైన పిదప మా యూరి పొలములకు పిట్టలవాండ్రు దిగెడివారు. గుఱ్ఱపు వెండ్రుకలు పేని, వెదురుపుల్లలకు కట్టిన చిన్నచిన్న ఉరులను గట్టు వెంట వరుసగా నాటి, కొంత యెడముగా గొంతుకూర్చుండి కౌజుల కూత కూయుచుండెడివారు. పిట్ట చిక్కినదో లేదో పరుగెత్తి విడిపించి బుట్టలో వేసికొనెడివారు. ఇది దయ యని నేననను. ప్రాణముతో నున్న పిట్టకే సంతలో ధర కలదు. అందుచేత ఉరిని కనిపెట్టుకొని యుండుట వారి అవసరము.

మహారాష్ట్ర దేశమున ఫాసె పారధులను జాతివారు కలరు. ఫాసె యనగా ఉరియే. వారు కృష్ణజింకలను ఉరులతో పట్టుటలో ప్రసిద్ధులు. మాధవ గాడ్గిల్, మల్హోత్రా అను పరిశోధకులు వారితో మాటలాడి, ఉరిలో చూడిజింకగాని చిన్న పిల్లగాని పడినచో దానిని విడిచిపెట్టు ఆచారము వారికి కలదని వ్రాసిరి. ఏటేట అదే పొలములకు వేటకు వచ్చువారికి మఱుసటి యేటి మందను గూర్చిన చింత ఉండుట సహజమే. స్వలాభము నుండియే పుట్టినదైనను అది నియమమే గదా!

ఇట్టివారి నేర్పు మనకొక పక్షినే మరల చూపినది. కలివికోడి 1848లో శాస్త్రజ్ఞుల గ్రంథములకెక్కి, 1900లో అనంతపురము ప్రాంతమున కనబడి, ఆపై కనుమఱుగై, నశించినదనిపించుకొనెను. 1986 జనవరిలో బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు కడప జిల్లా రెడ్డిపల్లె కడ దానిని మరల కనుగొనిరి. కనుగొనుటకు తోడ్పడినవాడు ఆ ప్రాంతపు పిట్టలవేటగాడు. రాత్రివేళ లాంతరు పట్టుకొని ముండ్లపొదలలో దిరుగు వానికి ఆ పక్షి సంచారము తెలియును. పుస్తకములు చదివినవారికి తెలియలేదు.

ఆంగ్లేయుల పాలనలో చట్టములు వచ్చెను. 1882 నాటి మదరాసు అటవీచట్టము రిజర్వు అడవులలో నియమములకు విరుద్ధముగా ఉరులు, బోనులు పెట్టుటను నేరముగా నెంచెను. 1912 నాటి చట్టము కొన్ని పక్షులకు, మృగములకు వేట కూడని కాలమును నిర్ణయించుచు, ఆస్తిని కాపాడుకొనుటకై పట్టువారిని, చంపువారిని మినహాయించెను. ఈ చట్టములు అవసరములే. కాని తుపాకికి లైసెన్సు గలవాని వేట వినోదమనియు, ఉరి నొగ్గువాని వేట దొంగతనమనియు ఒక భేదము ఆ కాలముననే స్థిరపడెను. 1871లో మొదలై 1952లో దేశమంతట రద్దైన నేరజాతుల చట్టములు పారధులను, మనవైపు ఎఱుకలను పుట్టుకతోనే దొంగల పట్టికలో వ్రాసినవి. వేటగాడు పోయెను, వాని నియమము వానితో పోయెను. ఉరి మాత్రము పోలేదు.

ఇప్పటి ఉరి నరముతోగాని వెండ్రుకతోగాని చేసినది కాదు. మోటారుసైకిలు క్లచ్చితీగెయో, ఇనుప కంచెతీగెయో చాలును. అది వానకు చివుకదు, పంటికి తెగదు, గుంజినకొలది బిగియునే గాని సడలదు. అడవిపందికని కంచెసందున కట్టిన తీగెలో చిఱుత నడుము చిక్కును. అది పెనగులాడగా తీగె చర్మమును కోసి లోనికి దిగును. తెంచుకొని పోయినను ఆ గాయము చీమునెక్కి కొన్నాళ్లకు చంపును. కుక్క చిక్కును, మేతకు వెళ్లిన దూడ కాలు చిక్కును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఉరి నొగ్గుటను, ఆ ప్రయత్నమును సైతము వేటగానే లెక్కించుచున్నది. పంది కొఱకు కట్టితిని, చిఱుత తానై పడినది యను సమాధానము అక్కడ చెల్లదు.

దీనికంటె ఘోరమైనది కరెంటు తీగె. స్తంభము నుండి కొక్కెము వేసి, చేని చుట్టు మోకాలెత్తున వట్టి తీగె లాగి, చీకటిపడగానే ప్రవాహము వదలుదురు. తెల్లవాఱుజామున నీరు పెట్టబోయిన పొరుగు రైతు, బహిర్భూమికి వెళ్లిన పిల్లవాడు, ఒక్కొక్కప్పుడు తీగె లాగినవాడే దానికి బలియగుచున్నారు. మన తెలుగునాట ఇట్టి వార్తలు పత్రికలలో తఱచు వచ్చుచునే యున్నవి.

ఈ విషయమున ఆంగ్లదేశపు వ్యాజ్యమొకటి మనకు పనికివచ్చును. బ్రిస్టలు నగరము దగ్గఱ ఒకడు ట్యూలిపు పూలతోట పెంచుచుండెను. దొంగలు దుంపలు త్రవ్వుకొని పోయిరని, 1825లో తోటలో తీగె తగిలిన ప్రేలెడి తుపాకి నమర్చెను. హెచ్చరిక పలక యైన పెట్టలేదు. దొంగ రాలేదు. తప్పిపోయిన నెమలిపెట్ట కొఱకు గోడ దూకిన యువకుని మోకాలు చితికెను. న్యాయస్థానము 1828లో ఆ యువకునికే నష్టపరిహార మిప్పించెను. అంతకు ముందేడు, 1827లోనే, అట్టి తుపాకులను, మనుష్యులను పట్టు బోనులను అమర్చుటను అక్కడి శాసనసభ నిషేధించియుండెను. తాను ఎదుట నున్నచో కాల్పజాలని వానిని, తాను లేనపుడు యంత్రముచేత కాల్చుటకు హక్కెక్కడిది యనునదే అప్పటి వాదమునకు మూలము.

రైతు కష్టము నేనెఱుగనిది కాదు. మొక్కజొన్న పాలుపట్టిన రాత్రి, వేరుసెనగ ఊరిన రాత్రి పందులమంద యొకటి దిగినచో ఎకరము నేల దున్నినట్లగును. చేసిన అప్పు మాత్రము అట్లే యుండును. మంచెమీద నిదురలేక కావలి కాయుట చెప్పినంత సులభము కాదు, కూలికి మనుష్యుడు దొరకడు. పంటకు హాని చేయు మృగము విషయమున వ్రాతమూలముగ ఉత్తరువిచ్చు అధికారము 1972 చట్టపు 11వ సెక్షను చేత అటవీశాఖ పెద్ద యధికారికి కలదు. ఆ ఉత్తరువు సకాలమున చేనికి చేరకపోవుట ప్రభుత్వపు లోపము, రైతు లోపము కాదు. క్షణకాలము మాత్రము కొట్టి విడుచు సౌరశక్తి కంచెలు కలవు. వాని ఖరీదు చిన్నరైతున కెక్కువ, నలుగురు గట్టు కలిపిన తక్కువ.

పెద్దలతో నేననదలచినది మఱియొకటి కలదు. తీగె తగిలి మనిషి చచ్చినపుడు, కొన్నియెడల రెండు కుటుంబములను కూర్చుండబెట్టి, ఇంత సొమ్మని తెగగొట్టి, తెల్లవాఱకమున్నే దహనము జరిపించుట కలదు. అది ఊరి మేలుకే యని తలంతురు. ఆ తీగెకు కరెంటు దొంగిలించుటయే 2003 నాటి విద్యుచ్చట్టము క్రింద మూడేండ్లవఱకు శిక్షార్హము. మనుష్యుని ప్రాణము వేఱు లెక్క. రాజీ కుదిరిన చేనిలో తీగె తీసివేయబడినదా యని మఱునాడు వెళ్లి చూచిన పెద్ద యెందఱు? పంట ఇంటికి చేరును, కొయ్యకాలు ఎండును, గట్టుమీది క్లచ్చితీగెలు గడ్డిలో అట్లే యుండును. కోత ముగిసిన వారమున నలుగురు కుఱ్ఱలను పంపి గట్లన్నియు వెదకించి, దొరకిన ప్రతి తీగెను కోయించుటకు ఏ ఉత్తరువు అక్కఱలేదు. ఒక పూట పని.