గడువు తప్పని గణకయంత్రము

పూర్వము పెండ్లిపందిళ్లలో గంగాళము నిండ నీరు పోసి, అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను అందు తేలవిడిచెడివారట. అది మునుగుటకు పట్టుకాలము ఒక గడియ. ఈ గడియకుడుక సంగతి మా తాతగారు చెప్పగా వింటిని. సిద్ధాంతిగారి గుణితమెంత నిర్దుష్టమైనను, లగ్నము దాటిన పిమ్మట చేతికందినచో పెండ్లివారికి దానితో పనిలేదు. లెక్క సరియైనదే, వేళ తప్పినది.

కంప్యూటరులలో ఇట్లు లగ్నమునకు కట్టుబడిన జాతి యొకటి కలదు. ‘రియల్ టైము’ యంత్రములని వానికి పేరు. జీతముల పట్టీ వ్రాయు యంత్రము గంట ఆలస్యము చేసినను కొంప మునుగదు. విమానమునో రాకెట్టునో నడపు యంత్రము అట్టిది కాదు. వీని చరిత్రలో 1969వ సంవత్సరము జూలై 20వ తేదీన నడచిన ఘట్టమును నేడు మనవిచేసెదను. మనదేశమున అప్పటికి అర్ధరాత్రి దాటి 21వ తేదీ వచ్చియున్నది.

ఆర్మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిన్ అను ఇరువురు అమెరికనులు ఈగిల్ అను నౌకలో చంద్రునిపైకి దిగుచుండిరి. ఇంజను మండించినది మొదలు నేల తాకువరకు సుమారు పండ్రెండు నిమిషములు, అనగా అరగడియ. నౌకను నడపు కంప్యూటరు మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమువారి ప్రయోగశాలలో రూపొందినది. దాని జ్ఞాపకశక్తి స్వల్పము: మార్పరాని పదములు 36,864, చెరిపి వ్రాయదగినవి 2,048. మార్పరాని భాగమును స్త్రీలు చేతితో నేసిరి. సన్నని తీగ అయస్కాంతపు వలయము లోపలినుండి పోయినచో ఒకటి, వెలుపలినుండి పోయినచో సున్న. మగ్గమెరిగిన మన గ్రామములవారికి ఈ పని వింతగా తోచదని నా తలంపు.

ఇంత చిన్నయంత్రము నౌక యొరగకుండ సెకండునకు పదిమారులు సరిచూడవలెను. నౌక యెక్కడ నున్నది, ఎంత వేగమున దిగుచున్నది, ఇంజను నెంత మండింపవలెను అను లెక్కను రెండు సెకండులకొకమారు ముగింపవలెను. ఇవిగాక ఫలకముపై అంకెలు చూపుట మొదలగు చిల్లరపనులు. హాల్ లానింగ్ అను గణితజ్ఞుడు వీనికొక కట్టుబాటు చేసెను. ప్రతిపనికిని ఒక హోదా నిచ్చెను. పెద్దహోదా గల పని వచ్చినంతనే చిన్నది తొలగి నిలువవలెను. వచ్చినవానిని వచ్చిన వరుసనే చేయుట న్యాయముగ తోచును గాని, ఇట్టిచోట ఆ న్యాయము ప్రాణాంతకము.

నౌక ఇంకను 33,000 అడుగుల యెత్తున నుండగా కంప్యూటరు 1202 అను అపాయసంఖ్యను చూపెను. పనులను నిలుపుకొను తావు నిండిపోయినదని దాని యర్థము. కారణము తరువాత తేలినది. తిరుగుప్రయాణమున మాతృనౌకను కలిసికొనుటకై యుంచిన రాడారు, స్విచ్చి యున్న తీరువలనను, విద్యుత్తు సరఫరాలకు పొత్తు కుదరకపోవుటవలనను, అర్థములేని సంకేతములను తెరపిలేక పంపి, యంత్రముయొక్క కాలములో నూటికి 13 మొదలు 15 పాళ్లు హరించెను. రెండు సెకండుల లెక్క రెండు సెకండులలో ముగియదాయెను. మునుపటిది ముగియకమునుపే మరియొకటి వచ్చి పైబడెను.

దిగవచ్చునో, వెనుదిరుగవలెనో చెప్పవలసినవాడు హ్యూస్టను నగరమందున్న స్టీవ్ బేల్స్. వయస్సు 26 ఏండ్లు. కొద్దివారములకు ముందు అభ్యాసమున ఇట్టి సంఖ్యయే కనబడగా, వెనుదిరుగుడని చెప్పి పొరపడియుండెను. అటుపిమ్మట జాక్ గార్మన్ అను 24 ఏండ్ల సహాయకుడు అపాయసంఖ్యలన్నిటిని, వాని యర్థములను ఒక కాగితముపై చేతితో వ్రాసియుంచుకొనెను. ఎడతెగక రానిచో భయములేదని గార్మన్ చెప్పెను. బేల్స్ సాగిపొమ్మనెను. ఆ కాగితపు ముక్కయే లేకున్న నేమయ్యెడిదో!

యంత్రము లోపల జరిగినది వేరు. ఉక్కిరిబిక్కిరియైనప్పుడెల్ల అది తలమీది పనులన్నిటిని ఒక్కమారు దించివేసి, ముఖ్యమైనవానిని మాత్రమే, విడిచినచోటినుండి మరల ఎత్తుకొనెను. ఫలకముపై అంకెలు కొంతతడవు నిలిచిపోయెను, ఇంజను నిలువలేదు. 1202 నాలుగుమారులును, దాని తోడిదగు 1201 ఒకమారును కనబడెను. నాడు కంప్యూటరు చెడినదని ఈ కథను చెప్పువారు కలరు. నేనందుకు సమ్మతింపను. ఏ పని మానవచ్చునో ముందే యెరిగిన యంత్రమది.

కడపట రాళ్లగుట్టలు కనబడగా ఆర్మ్‌స్ట్రాంగు నౌకను తన చేతితో నడపి వానిని దాటించెను. అప్పుడును ఆయన చేతికదలికను గ్రహించి ఇంజనునకు అందించినది ఆ కంప్యూటరే. ఈగిల్ నేలను తాకునప్పటికి మన గడియారములలో రాత్రి 1 గంట 47 నిమిషములు.