వేలిముద్రల పాఠాలు: వైద్య పరిశోధకుల శిక్షణ తరగతుల వెనకున్న చరిత్ర

ఇవాళ మెడికల్ కాలేజీలో పీజీ చదివే ఏ విద్యార్థినైనా అడగండి. పరిశోధన పద్ధతుల మీద ఒక కోర్సు పూర్తి చేయాలి, పరీక్ష రాయాలి, సర్టిఫికెట్ చూపించాలి అని చెప్తారు. వర్క్‌షాపులనీ, వెబినార్లనీ, గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ తరగతులనీ ఇవి రకరకాల పేర్లతో నడుస్తున్నయ్. మనిషి మీద ప్రయోగం చేసేటప్పుడు ఆ మనిషికి ఏం చెప్పాలి, ఎట్లా అడగాలి, ఏ కాగితం మీద సంతకం తీసుకోవాలి, ఆ కాగితాన్ని ముందుగా ఏ కమిటీకి చూపాలి అనేవి వీటిలో నేర్పుతారు. మంచిదే. అయితే ఈ పాఠాలు ఎక్కణ్ణించి వచ్చినయ్? వీటిని రాసిందెవరు?

తరగతి మొదట్లో చరిత్ర పేరుతో కొన్ని తేదీలు చెప్తారు. 1947లో న్యూరెంబర్గ్ న్యాయమూర్తుల నియమావళి, 1964లో ప్రపంచ వైద్య సంఘం హెల్సింకీ ప్రకటన, 1979లో అమెరికా కమిషన్ అచ్చువేసిన బెల్మాంట్ నివేదిక. తేదీలు సరైనవే. చరిత్ర మాత్రం సగమే. ఎవరో పెద్దమనుషులు చల్లగా కూర్చొని మంచిచెడ్డలు ఆలోచించి రాశారన్నట్టు ఉంటుందా కథ. ఆ పెద్దమనుషుల చేత కలం పట్టించినవాళ్లు నాజీ శిబిరాల్లోని ఖైదీలు, అమెరికా నల్ల కౌలుదార్లు, పటాన్‌చెరు పేద ఆడవాళ్లు, భద్రాచలం మన్యం ఆడపిల్లలు. పాఠ్యక్రమంలో వాళ్ల పేరు ఉదాహరణగా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పాఠం చెప్పే కుర్చీలో మాత్రం వాళ్లు లేరు. ఆ ఖాళీ కుర్చీ ఎట్లా ఏర్పడిందో చూడాలన్నదే మా ప్రయత్నం.

టస్కీగీ: చదువుకున్నవాళ్ల నేరం

అమెరికాలో అలబామా రాష్ట్రం మేకన్ కౌంటీ. పత్తిచేలల్లో కౌలుకు, కూలికి బతికే నల్లవాళ్ల సీమ. 1932లో అక్కడ అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య శాఖ ఒక అధ్యయనం మొదలుపెట్టింది. సిఫిలిస్ అనే సుఖరోగం ఉన్న 399 మంది నల్ల మగవాళ్లను, రోగం లేని 201 మందిని ఎంచుకున్నారు. మందు ఇవ్వకపోతే ఈ రోగం మనిషిని చావుదాకా ఎట్లా తీసుకుపోతుందో చూడాలన్నది ఉద్దేశం. వాళ్లకు రోగం పేరు చెప్పలేదు. ‘చెడు రక్తం’ ఉంది, వైద్యం చేస్తున్నాం అన్నారు. వెన్నులో సూది దింపి నీరు తీసి దాన్నే ప్రత్యేక చికిత్స అని నమ్మించారు. చచ్చిపోయినాక శవపరీక్షకు ఒప్పుకుంటే ఖనన ఖర్చులిస్తామన్నారు. 1940ల నడుమకల్లా పెన్సిలిన్ వచ్చింది, రోగం నయమైపోతుందని తేలింది. అయినా ఇవ్వలేదు. అధ్యయనం ఆగేదాకా ఇవ్వలేదు.

ఇక్కడ పాఠకులు ఒక విషయం గమనించాలి. ఇది చీకట్లో దాచిపెట్టి చేసిన పని కాదు. 1936 నుంచీ దీని మీద వైద్య పత్రికల్లో వ్యాసాలు వస్తూనే ఉన్నయ్. 1947 న్యూరెంబర్గ్ నియమావళిలో మొట్టమొదటి మాటే మనిషి స్వచ్ఛంద సమ్మతి. ఆ తీర్పు వచ్చినాక కూడా టస్కీగీ ఇంకో పాతికేండ్లు సాగింది. నాజీ వైద్యుల కోసం రాసిన సూత్రం తమకెందుకు వర్తిస్తుందని అక్కడి వైద్యలోకం అనుకుంది. పీటర్ బక్స్‌టన్ అనే ప్రజారోగ్య శాఖ ఉద్యోగి 1966లో లోపలి నుంచి అభ్యంతరం చెప్పాడు. 1969లో నిపుణులు సమావేశమై, చర్చించి, కొనసాగించడానికే నిర్ణయించారు. చివరికి ఆయన పత్రికలవాళ్లకు చెప్తే 1972 జూలై 25న జీన్ హెల్లర్ అనే విలేకరి రాసిన వార్త బయటికొచ్చింది. అప్పుడుగానీ ఆగలేదు. మన దగ్గర దళిత పాంథర్స్ పుట్టిందీ ఆ 1972లోనే. అక్కడి బ్లాక్ పాంథర్స్ పేరు చూసే వాళ్లు ఆ పేరు పెట్టుకున్నారు.

కాబట్టి చదువులేక చేసిన తప్పుగా దీన్ని చూడలేం. చదువు నిండా ఉన్నవాళ్లే చేశారు. ఎదుటివాణ్ణి తమతో సమానమైన మనిషిగా చూడకపోవడమే దీని మూలం. కులం తెలిసిన మనకు ఇది వేరే చెప్పాల్సిన పనిలేదు.

చట్టం నుంచి తరగతిదాకా

ఆ గొడవ ఫలితంగా 1974లో అమెరికా జాతీయ పరిశోధన చట్టం వచ్చింది. ప్రభుత్వ డబ్బుతో మనుషుల మీద చేసే పరిశోధనలను ముందుగా ఒక సమీక్షా మండలి చూడాలన్నారు. ఆ చట్టం కింద ఏర్పడ్డ కమిషనే బెల్మాంట్ నివేదిక రాసింది. మనిషి పట్ల గౌరవం, మేలు చేయడం, న్యాయం అనే మూడు సూత్రాలు చెప్పింది. బాధితుల తరఫున పౌరహక్కుల న్యాయవాది ఫ్రెడ్ గ్రే వేసిన దావా 1974లో కోటి డాలర్ల పరిహారంతో ముగిసింది. దేశాధ్యక్షుడు క్షమాపణ చెప్పడానికి మాత్రం 1997 మే 16దాకా పట్టింది. ఆ రోజు క్లింటన్ ఇచ్చిన హామీల్లో రెండిటిని ఇక్కడ చూడాలి. ఒకటి, టస్కీగీ విశ్వవిద్యాలయంలో వైద్య నైతికత కేంద్రం పెట్టడానికి సాయం. ఆ కేంద్రం 1999లో తెరిచారు. రెండోది, పరిశోధకులకు నైతికతలో శిక్షణ ఇచ్చే పాఠ్యసామగ్రి తయారు చేయించడం. అంటే ఇవాళ్టి శిక్షణ తరగతుల పుట్టుకలో మేకన్ కౌంటీ కౌలుదార్ల పాలు ఉందని సాక్షాత్తూ ఆ రాజ్యమే ఒప్పుకుందన్నమాట.

అయినా శిక్షణ తప్పనిసరి కావడానికి ఇంకో చావు కావాల్సి వచ్చింది. 1999 సెప్టెంబర్‌లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జన్యుచికిత్స ప్రయోగంలో జెస్సీ గెల్సింగర్ అనే పద్ధెనిమిదేండ్ల తెల్లజాతి యువకుడు చనిపోయాడు. తొమ్మిది నెలలు తిరక్కుండానే, 2000 జూన్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలు, తమ నిధులతో మనుషుల మీద పరిశోధించే ముఖ్యులందరికీ అక్టోబర్ 1 నుంచి శిక్షణ ఉండి తీరాలన్నయ్. అప్పటికే అనేక విశ్వవిద్యాలయాల్లో లోపాలు బయటపడి ఉన్నందున కారణాలు ఒకటికంటే ఎక్కువే. ఆ యువకుడి చావు మీద వచ్చిన కోపం న్యాయమైందే. మేమడిగేది ఒక్కటే. 1972 నుంచి 2000దాకా ఇరవై ఎనిమిదేండ్లు పట్టిన పనికి ఆఖర్న తొమ్మిది నెలలే ఎట్లా సరిపోయినయ్?

2000 నుంచే కంప్యూటర్ మీద చదివి పరీక్ష రాసే పద్ధతి మొదలైంది. అది వేలమందికి ఒకేసారి చేరే మార్గం. అదే సమయంలో, నైతికత అంటే తెర మీద పేజీలు తిప్పి, ప్రశ్నలకు జవాబులు నొక్కి, సర్టిఫికెట్ తీసుకోవడం అనే అలవాటుకు కూడా అదే నాంది.

పటాన్‌చెరు నుంచి భద్రాచలం

ఇక మన దేశం సంగతి. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1980లోనే మనుషుల మీద పరిశోధనకు సంబంధించి ఒక విధాన ప్రకటన ఇచ్చింది. ఐదేండ్లకు, 1985లో, హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేద ఆడవాళ్లను పిలిచి నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ఇవ్వబోయారు. అది ఐసీఎంఆర్ ప్రయోగమే. ఇది ప్రయోగమన్న సంగతి ఆ ఆడవాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడికి వెళ్లి నిలదీసి, దుష్ఫలితాలు కూడా చెప్పాల్సిందే అన్నారు. సంగతి తెలిసినాక చాలామంది ఇంజెక్షన్ వద్దని వెళ్లిపోయారు. 1986లో సంఘటన, మరికొన్ని మహిళా సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లినయ్. సమ్మతి అంటే ఏమిటో తెలుగునేల మీద నడిచిన తొలి పాఠాల్లో ఇదొకటి. వెళ్లిపోయే హక్కు తమకుందని ఆ ఆడవాళ్లు చేసి చూపించారు. ఏ వర్క్‌షాపులో ఈ పాఠం చెప్తున్నారో మిత్రులు వాకబు చేయాలి.

ఐసీఎంఆర్ పూర్తిస్థాయి మార్గదర్శకాలు 2000లో వచ్చినయ్. 2006లో సవరించారు. పాత పేరులో ప్రయోగానికి లోబడేవాళ్లు అనే అర్థమిచ్చే మాట ఉంటే, సవరించిన పేరులో పాల్గొనేవాళ్లు అనే మాట వచ్చింది. మాట మారడం చిన్న విషయం కాదు. అయితే ఈ మధ్యలోనే, 2005లో, ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ వై సవరించి విదేశీ కంపెనీల ప్రయోగాలకు తలుపులు బార్లా తెరిచారు. ప్రయోగాలు పెరిగేసరికి వాటిని నడిపే మనుషులు కావాల్సొచ్చింది. ఆ అవసరమే వర్క్‌షాపులకు గిరాకీ తెచ్చింది. అమెరికా, యూరప్, జపాన్‌ల నియంత్రణ సంస్థలు, మందుల కంపెనీలు కలిసి 1996లో ఒప్పుకున్న గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ సూత్రాలే వాటికి పెద్దబాలశిక్ష అయినయ్. అందులో మనిషి రక్షణ ఉంది, కాదనం. కాగితాల రక్షణ అంతకంటే బాగా నేర్చుకున్నారు.

ఎట్లా నేర్చుకున్నారో ఖమ్మం జిల్లాలో తేలింది. 2009 జూలైలో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నిరోధించే హెచ్‌పీవీ టీకా పథకం మొదలుపెట్టినయ్. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేండ్ల ఆడపిల్లలకు వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండే ఆదివాసీ, దళిత, పేద పిల్లలు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలతో, మహిళా, ఆరోగ్య సంఘాల నిరసనలతో 2010 ఏప్రిల్‌లో పథకం ఆపేశారు. చావులకు టీకాతో సంబంధం లేదని ప్రభుత్వ విచారణ కమిటీ చెప్పింది. అదే కమిటీ బయటపెట్టిన లెక్కలు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టల్ వార్డెన్ల సంతకాలు. రెండూ కలిపితే సుమారు సగం. తల్లి కూలికి పోయిన ఊళ్లో ఉంది, తండ్రికి కబురే లేదు, వార్డెన్ సంతకం పెట్టేశాడు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం పాత్‌నూ, ఐసీఎంఆర్‌నూ తీవ్రంగా తప్పుపట్టింది. మార్గదర్శకాలు రాసిన సంస్థే ఇందులో భాగస్వామి అని మరువొద్దు. పాఠం తెలియక జరిగిందని ఎట్లా అనుకోమంటారు?

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టీకా వద్దని మేము అనడం లేదు. హెచ్‌పీవీ టీకా ఆ క్యాన్సర్‌ను తగ్గిస్తుందని ఇప్పుడు అనేక దేశాల అనుభవం చెప్తోంది. ఆ క్యాన్సర్‌తో ఎక్కువగా చచ్చేది మన తల్లులే. మంచి మందైనా సరే, మన పిల్ల చేతికి వేసేముందు మనల్ని అడగాలి. అడగకుండా చేసిన మేలు వెట్టి రోజుల్లో దొర చేసిన మేలు లాంటిదే.

సర్టిఫికెట్ చెప్పని సంగతులు

ఆ తర్వాత నిబంధనలు బిగిసినయ్. స్వాస్థ్య అధికార్ మంచ్ వేసిన వ్యాజ్యంలో 2013లో సుప్రీంకోర్టు సమ్మతి తీసుకోవడాన్ని దృశ్య, శబ్ద రూపంలో నమోదు చేయమంది. 2015లో దాన్ని కొత్త మందుల ప్రయోగాల్లో బలహీన స్థితిలో ఉన్నవాళ్లకు పరిమితం చేశారు. 2017లో ఐసీఎంఆర్ మార్గదర్శకాలు ‘జీవవైద్య, ఆరోగ్య పరిశోధన’ అన్న విశాలమైన పేరుతో వచ్చినయ్. బలహీన స్థితిలో ఉన్నవాళ్ల జాబితాలో ఆదివాసులనూ, అంచులకు నెట్టబడ్డ సమూహాలనూ చేర్చారు. 2019 నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురుండాలి, సగంమంది బయటివాళ్లుండాలి, వైద్యంతో సంబంధం లేని సామాన్యులొకరుండాలి, సభ్యులు శిక్షణ తీసుకోవాలి. అదే ఏడాది చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ జీవవైద్య పరిశోధనలో ప్రాథమిక కోర్సును ఆన్‌లైన్లో మొదలుపెట్టింది. వైద్య అధ్యాపకులకూ, పీజీలకూ దాన్ని తప్పనిసరి చేశారు. 2020 కరోనాతో మిగతా వర్క్‌షాపులు కూడా వెబినార్లయినయ్.

ఇవన్నీ గెలుపులే. పోరాడి తెచ్చుకున్నవే. కానీ తరగతి ఇంగ్లీషులో నడుస్తుంది. సమ్మతి అడగాల్సింది తెలుగులో, కోయలో, గోండిలో, లంబాడీలో. ఇంగ్లీషులో నేర్చింది తెలుగు పత్రంలోకి వచ్చేసరికి ‘యాదృచ్ఛిక కేటాయింపు’ అవుతుంది. చీటీలు తీసినట్టు తీస్తాం, ఎవరికి ఏ మందొస్తుందో మాకూ తెలియదు, మీకూ తెలియదు అంటే మా అమ్మకు అర్థమవుతుంది. ‘కొందరికి మందు లేని ఉత్త మాత్ర ఇస్తాం’ అని చెప్పడానికి మాటలకు కరువా? అర్థమైతే వద్దంటారేమో అన్న భయం కాదా ఇది?

ఇంకోటి, కులం. సర్కారు దవాఖానలో బల్ల అవతల కూర్చున్న డాక్టరు గారు ‘నీకిష్టమైతేనే చెయ్యి’ అంటే, బల్ల ఇవతల నిలబడ్డ మాదిగ ఆడమనిషి ‘మీరు చెప్తే కాదంటామా సారూ’ అంటుంది. తరగతిలో నేర్పిన లెక్కన ఇది సమ్మతే. మన లెక్కన ఇది తరాల అలవాటు. ఈ తేడాను గుర్తుపట్టడం నేర్పని శిక్షణ ఎన్ని గంటలైతే ఏం లాభం? జాబితాలో మన పేరు ఉండడం వేరు, ఆ జాబితాను బోధించే చోట మనముండడం వేరు.

ఇదేదో గడిచిపోయిన ముచ్చట కాదు. 2023 జూలైలో కేంద్రం సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించే కార్యక్రమం ప్రారంభించింది. ఆదివాసీ ప్రాంతాల్లో పెద్దఎత్తున రక్తపరీక్షలు జరుగుతున్నయ్. అది జరగాల్సిన పనే, ఇన్నాళ్లూ పట్టించుకోకపోవడమే అన్యాయం. అయితే తీసిన రక్తం పరీక్షకేనా, పరిశోధనకు కూడా వాడతారా, ఎన్నాళ్లు దాస్తారు, పెళ్లికావాల్సిన పిల్ల ఫలితం ఊరికి తెలియకుండా ఎట్లా కాపాడతారు అనేవి గూడెంలో కూర్చొని తేల్చుకోవాల్సిన ప్రశ్నలు.

కాబట్టి మిత్రులారా, పని మన ముందుంది. మెడికల్ కాలేజీల్లో ఉన్న మన విద్యార్థులు తరగతిలో పటాన్‌చెరు గురించి, భద్రాచలం గురించి పాఠమెందుకు లేదో లేచి అడగాలి. ఉపాధ్యాయులు, ఉద్యమకారులు తమ జిల్లా ఆస్పత్రిలో ఎథిక్స్ కమిటీ ఉందా, అందులో ‘సామాన్యుడి’ కుర్చీలో ఎవరున్నారో కనుక్కోవాలి. ఆ కుర్చీ మనవాళ్లది, మన వాడల నుంచి మనుషుల్ని పంపాలి. శిక్షణ తెలుగులోనూ, ఆదివాసీ భాషల్లోనూ ఉండాలనీ, ఒకప్పుడు ప్రయోగానికి గురైనవాళ్లను ఆ తరగతులకు బోధకులుగా పిలిచి, అందరికీ ఇచ్చినట్టే రుసుం ఇవ్వాలనీ డిమాండ్ చేయాలి. వేలిముద్ర వేసినవాళ్లకు చెప్పేందుకు చాలా ఉంది. వినడానికి పరిశోధకులు ఒక పూట కేటాయించాలి.