అంబాసిడరు కారు: ఒక ఇంజను మార్పు చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఏదైనా పంపమని కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, కోటల గురించి రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసులో ఎక్కువ కాలం వాహనాల సీటు చూసిన గుమాస్తాను. లాగ్ బుక్కులు, పెట్రోలు బిల్లులు, కండెమ్ చేసిన బండ్ల వేలం ఫైళ్ళు, ఇవే నేను చదివిన గ్రంథాలు. అందుచేత మనందరికీ బాగా పరిచయమైన అంబాసిడరు గురించి, ముఖ్యంగా దాని ఇంజన్ల గురించి రాస్తున్నాను. మా బావగారి అంబాసిడరు 15 ఏళ్ళు పాకలో పడి ఉండి 2024లో మళ్ళీ రోడ్డెక్కింది. ఆ సందర్భంలో మా ఇంట్లో వచ్చిన ఒక తగువు ఈ వ్యాసానికి అసలు కారణం.

హిందుస్థాన్ మోటార్స్ కంపెనీని 1942లో బి.ఎం. బిర్లా స్థాపించారు. మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో ఉండేది. 1948లో కలకత్తా దగ్గర ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండు మోరిస్ కంపెనీ మోడళ్ళనే ఇక్కడ తయారు చేసేవారు. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ సిరీస్ మనకు ల్యాండ్‌మాస్టరు అయింది, మూడవ సిరీస్ 1957లో అంబాసిడరు అయింది. ఇంగ్లండులో ఆ మోడలు కొద్ది ఏళ్ళకే ఆగిపోయింది. మన దేశంలో మాత్రం 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ పని నిలిపివేసేవరకు వస్తూనే ఉంది. 2017లో ఆ పేరును 80 కోట్ల రూపాయలకు ప్యూజో కంపెనీకి అమ్మేశారు.

పైరేకు మారలేదు గాని, లోపల ఇంజను ఎన్నిసార్లు మారిందో చాలామంది గమనించి ఉండరు. తొలి అంబాసిడర్లలో ల్యాండ్‌మాస్టరుకు వాడిన 1476 సీసీ సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో దాన్ని తీసి 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను పెట్టారు. మనం ఆఫీసుల్లో చూసినవన్నీ దాదాపు అవే. 1980 ప్రాంతంలో అదే 1489 సీసీ కొలతలో డీజిల్ ఇంజను వచ్చింది. దాని శక్తి 37 హార్సుపవరు మాత్రమే. అయినా మన దేశంలో తయారైన మొదటి డీజిల్ కారు అదే. 1993లో జపాను ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజను వచ్చింది, దానితోపాటు 5 గేర్లు కూడా. అంటే కంపెనీవారే మూడు సార్లు గుండె మార్చారు. మనిషి మాత్రం ఒక్కడే.

మన ఉద్యోగ జీవితంలో ఈ కారు స్థానం ఏమిటో చెప్పనక్కరలేదు. కలెక్టరు గారి తెల్ల అంబాసిడరు, వెనుక అద్దానికి కర్టెన్లు, పైన దీపం. అది గేటులోకి వస్తుంటే సైకిలు స్టాండు దగ్గర బీడీ కాల్చే వాళ్ళు కూడా లేచి నిలబడేవారు. (ఆ ఎర్ర దీపాలు 2017 మే 1 నుంచి తీసేశారు.) ఇక లాగ్ బుక్కు సంగతి డ్రైవర్లను, నన్ను అడగాలి. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పోశారు, లీటరుకు ఎంత ఇచ్చింది, ఇవి కలవకపోతే ఆడిట్ వారి నోటు వచ్చేది. 1973లో చమురు సంక్షోభం వచ్చాక పెట్రోలు పొదుపు మీద వచ్చిన సర్క్యులర్లు ఒక ఫైలులో పట్టేవి కావు. బండి పాతబడితే బ్రేకు ఇన్‌స్పెక్టరు గారి రిపోర్టు, కండెమ్నేషన్, వేలం. 2023 ఏప్రిల్ 1 నుంచి ప్రభుత్వ వాహనాలకు 15 ఏళ్ళు దాటితే రిజిస్ట్రేషను రెన్యువల్ చేయరాదని నిబంధన వచ్చింది. అసలు బండిని ఇన్‌స్పెక్టరు చేత చూపించి నిర్ణయించడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం.

మా బావగారి కారు 1973 నాటి మార్క్ 2. ఆయన 1979లో సెకండ్ హ్యాండులో కొన్నారు. ముందు పొడుగాటి బెంచీ సీటు, స్టీరింగ్ గేరు, నల్లటి బరువైన చక్రం. కొన్న అయిదేళ్ళకే పెట్రోలు ఇంజను అరిగిపోయి, నూనె తాగి, వెనక నీలిపొగ వదిలేది. వ్యవసాయదారుడికి పెట్రోలు కారు భారమే. డీజిల్ ఎంతో చౌకగా ఉండేది, పైగా లీటరుకు ఎక్కువ దూరం వచ్చేది. ఆ రోజుల్లో వందల అంబాసిడర్లు ఇదే కారణంతో విజయవాడ ఆటోనగరుకు వెళ్ళి డీజిల్ ఇంజనుతో తిరిగి వచ్చేవి. కొందరు మెటడార్ వ్యాను ఇంజను పెట్టించుకునేవారు. మా బావగారు 1984లో ప్రమాదంలో దెబ్బతిన్న ఒక అంబాసిడరు నుంచి కంపెనీ డీజిల్ ఇంజనే కొని పెట్టించారు. అది పెట్రోలు ఇంజను వంశానికి చెందినదే కావడంతో పాత చోటులో కూర్చోబెట్టడం తేలికైంది. పాత ఇంజను తుక్కుకు పోయింది.

ఆయన చేసిన ఇంకొక మంచి పని, ఆ మార్పును ఆర్.టి.ఓ. ఆఫీసులో నమోదు చేయించారు. అప్పటికి 1939 నాటి మోటారు వాహనాల చట్టమే అమలులో ఉంది. ఆర్.సి. పుస్తకంలో పాత ఇంజను నంబరు ఎర్ర సిరాతో కొట్టేసి, కొత్తది రాసి, పెట్రోలు తీసి డీజిల్ అని వేసి, ముద్ర, సంతకం చేశారు. ఆ చేతిరాత ఎంత స్పష్టంగా ఉన్నదంటే, ఆ గుమాస్తా ఎవరో గాని ఆయనకు నమస్కారం పెట్టాలనిపించింది.

బావగారు 2009లో కాలం చేశారు. కారు పాకలో ఆగిపోయింది. 2024లో మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వచ్చి దాన్ని బాగుచేయిస్తానన్నాడు. ఆటోనగరులో జీవితమంతా డీజిల్ ఇంజన్లతో గడిపిన ఒక పెద్ద మెకానిక్కును పట్టుకున్నాము. ఆయన వచ్చి బానెట్టు ఎత్తగానే చెప్పిన మొదటి మాట, "బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు బాబూ, ఉన్నది కూడా పోద్ది" అని.

పనిని ఆయన చేసిన వరుస చెబుతాను, ఇంట్లో పాత బండి ఉన్నవారికి ఉపయోగపడవచ్చును. ముందు నాజిల్సు నాలుగూ విప్పి, ఆ రంధ్రాల్లో కొద్దికొద్దిగా ఇంజనాయిలు పోసి రెండు రోజులు వదిలేశారు. లోపల పిస్టను రింగులు తుప్పుతో పట్టేసి ఉంటే అది మెల్లగా వదులుతుంది. మూడో రోజు చేత్తో తిప్పితే ఇంజను తిరిగింది. నాజిల్సు లేవు కాబట్టి కంప్రెషను ఉండదు, బలం అక్కరలేదు. తరవాత ట్యాంకు దించారు. అడుగున బంకలాంటి మడ్డి, తుప్పు రేకులు. ఆ డీజిల్ పంపులోకి వెళ్ళి ఉంటే పంపు పనికిరాకుండా పోయేది. పంపును, నాజిల్సును విజయవాడలో డీజిల్ ల్యాబుకు పంపి పరీక్ష చేయించారు. క్లచ్ ప్లేటు ఫ్లైవీలుకు అతుక్కుపోయింది, గేరుబాక్సు దించక తప్పలేదు.

ఎక్కువ రోజులు పట్టింది ఇంజను కాదు, బ్రేకులు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది. అన్నేళ్ళు అలా ఉండేసరికి వీల్ సిలిండర్లు నాలుగు చక్రాల్లోనూ పట్టేశాయి. రబ్బరు వాషర్లు, గొట్టాలు అన్నీ కొత్తవి వేశారు. టైర్ల మీద గీతలు బాగానే ఉన్నా పక్కలు పగిలాయి, అవీ మార్చారు. వైర్లు ఎలుకలు కొట్టాయి. పాకలో ఉన్న బండికి తుప్పుకంటే ఎలుకే పెద్ద శత్రువని ఆయన అన్నారు.

చివరకు డీజిల్ పోసి, హ్యాండ్ ప్రైమరు కొడుతూ మొదట ఫిల్టరు దగ్గర, తరవాత పంపు దగ్గర, ఆఖరున నాజిల్సు పైపుల నట్ల దగ్గర వదులు చేసి గాలి తీశారు. నురుగు పోయి నిండుగా డీజిల్ కారినప్పుడు బిగించాలి. గాలి బుడగ కొంచెం మిగిలినా డీజిల్ ఇంజను పలకదు. హీటరు ప్లగ్గులు కాసేపు వేడి చేసి సెల్ఫ్ కొడితే మూడోసారికి అందుకుంది. పాకంతా తెల్లపొగ. మేనల్లుడు సంతోషంతో తాళం చెవి తీసి జేబులో వేసుకున్నాడు, ఇంజను మాత్రం ఆగలేదు. "ఇదేమిటి మావయ్యా!" అని కంగారుపడ్డాడు. పాత డీజిల్‌కు తాళంతో పని లేదు, ఆపాలంటే స్టాప్ నాబ్ లాగాలి. లోపలినుంచి మా అక్కయ్య వచ్చి లాగింది.

ఇప్పుడు తగువు సంగతి. 2021 జులైలో కేంద్రం వింటేజి వాహనాలకు నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్ళు దాటిన బండికి వి.ఏ. అక్షరాలతో ప్రత్యేక నంబరు, 20 వేల రూపాయల రుసుము, 10 ఏళ్ళ గడువు. మన బండికి 2023లోనే 50 నిండాయి. అయితే అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మారి ఉండకూడదు. మేనల్లుడి స్నేహితులు సలహా ఇచ్చారు, డీజిల్ తీసేసి ఎక్కడైనా పాత పెట్రోలు ఇంజను వెతికి పెట్టండి, కారు 'ఒరిజినల్' అవుతుంది, విలువ పెరుగుతుంది అని. ఒక వ్యాపారి ఇంజను ఉన్నదని ఫోను కూడా చేశాడు. మేనల్లుడికి మనసైంది.

నేను ఒప్పుకోలేదు. నిబంధనను రెండుసార్లు చదివాను. 1973లో ఈ కారుతో వచ్చిన ఇంజను తుక్కులో కలిసి 40 ఏళ్ళయింది. ఇంకొక కారు ఇంజను తెచ్చిపెట్టి ఇదే అసలుది అంటే, ఆర్.సి.లోని 1984 నాటి ఎర్ర సిరా సంగతేమిటి? 11 ఏళ్ళు పెట్రోలు మీద, 25 ఏళ్ళు డీజిల్ మీద తిరిగిన బండి ఇది. ఏది అసలు రూపం? అయితే నా వాదన కంటే నిబంధనలోని ఇంకొక వాక్యమే పనిచేసింది. వింటేజి నంబరు ఉన్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనానికి తప్ప మామూలుగా రోడ్డు మీద తిప్పరాదు. అది వినగానే అక్కయ్య, "పేరంటానికి తీసుకెళ్ళని కారు నాకెందుకురా?" అన్నది. అక్కడితో సమస్య తేలిపోయింది.

కాబట్టి మామూలు రెన్యువల్‌కే వెళ్ళాము. గడువు 2011తోనే ముగిసింది గనుక ఆలస్యపు రుసుము, హరిత పన్ను కట్టవలసి వచ్చింది. 2022 ఏప్రిల్ నుంచి పాత కార్ల రెన్యువల్ రుసుము 600 నుంచి 5 వేలకు పెంచారు. 20 ఏళ్ళు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10 వేలు చేశారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు గారు యువకుడు. బానెట్టు ఎత్తించి, టార్చి వేసి, ఇంజను మీది నంబరును, పుస్తకంలోని ఎర్ర సిరా నంబరును ఒక్కొక్క అంకె చదివి సరిచూశారు. రెండూ కలిశాయి. అక్కడ నమోదు లేకపోతే మా కథ ఆ షెడ్డులోనే ముగిసేది. మనం ఏటా జీవన ప్రమాణ పత్రం ఇస్తాము, ఈ కారు 5 ఏళ్ళకొకసారి ఇస్తే చాలు, మనకంటే అదృష్టవంతురాలు.

గంటకు 50 కిలోమీటర్లు దాటనివ్వడం లేదు. పొన్నూరు ఆంజనేయస్వామి గుడికి, రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళి వచ్చింది. మార్క్ 2 మోడలు వెనుక దీపం గ్లాసు, కుడివైపుది, ఇంకా దొరకలేదు, ప్రస్తుతానికి వేరే మోడలుది అతికించి నడుపుతున్నాము. మన సభ్యులలో ఎవరి ఇంట అటకమీదనైనా ఉన్నట్లయితే కార్యదర్శి గారి ద్వారా తెలియజేయ ప్రార్థన. తగిన ఖరీదు ఇచ్చి తీసుకోగలము.