శ్రీలంకలో తల్లుల ప్రాణాలు నిలిచిన తీరు

అప్పట్లో సిలోన్ అని పిలిచే శ్రీలంకలో 1930లలో లక్ష కాన్పులకు రెండు వేల మందికి పైగా తల్లులు చనిపోయేవారు. ఈమధ్య కాలంలో ఆ లెక్క 30, 40ల దగ్గర ఉంటోంది. అలాగని ఆ దేశం ముందు డబ్బు సంపాదించుకుని తరవాత తల్లుల సంగతి చూడలేదు. ఆరోగ్యం మీద అక్కడి ప్రభుత్వం పెట్టిన ఖర్చు దశాబ్దాల పాటు జాతీయాదాయంలో రెండు శాతం దరిదాపుల్లోనే నడిచింది. పేదరికాన్ని సాకుగా చూపే ప్రభుత్వాలకు ఈ చిన్న దేశమే జవాబు అని నా నమ్మకం.

కొలంబోలో డి సోయ్సా ప్రసూతి ఆసుపత్రి 1879లోనే వెలిసింది. కానీ పట్నంలో ఆసుపత్రి ఉంటే, ఎక్కడో పల్లెలో నొప్పులు పడుతున్న మనిషికి ఒరిగేదేముంది? ఆమెకు ఊరి మంత్రసానే దిక్కు. అసలు మలుపు 1926లో, కొలంబోకు దక్షిణాన కలుతరలో వచ్చింది. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ తోడ్పాటుతో అక్కడ మొదటి హెల్త్ యూనిట్ పెట్టారు. ప్రాంతానికొక వైద్యాధికారి, ఆయన కింద నర్సులు, శానిటరీ ఇన్‌స్పెక్టర్లు, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు. జబ్బు చేసి మనిషి వచ్చేదాకా కూర్చోకుండా, ఇంటింటికీ తిరగడం వాళ్ళ పని.

1931లో ఆడవాళ్ళతో సహా వయోజనులకు ఓటు వచ్చింది. ఆ వెనకే 1934లో వానలు ముఖం చాటేశాయి. ఏడాది పొడుగునా పారే నదులు ఎండి మడుగులైపోయాయి. ఆ మడుగుల్లో మలేరియా దోమ విపరీతంగా పెరిగింది. ఆ జ్వరం అలవాటు లేని తడి ప్రాంతాల జనం, ముఖ్యంగా కేగల్ల జిల్లా వాళ్ళు, వేలల్లో రాలిపోయారు. 1935 చివరికి దాదాపు 80 వేల ప్రాణాలు పోయాయని అంచనా. ఓటున్న జనం ఊరుకోలేదు. ఆసుపత్రి కావాలని ప్రతి నియోజకవర్గమూ పట్టుబట్టింది. పల్లె ఆసుపత్రులు వరసగా లేచాయి.  నాకైతే కథ మొత్తానికీ ఓటుకూ కాన్పుకూ ఉన్న ఈ లంకే కీలకం అనిపిస్తుంది.

1940ల చివర్లో మరణాలు ఒక్కసారిగా పడిపోయాయి. 1950ల తొలి భాగానికి లెక్క 500 దరిదాపుల్లోకి వచ్చింది. ఈ ఘనతంతా మిడ్‌వైఫ్‌దే అంటే సరికాదు. 1946 నుంచి డీడీటీ చల్లడంతో మలేరియా తగ్గి, గర్భిణుల ఒంట్లో రక్తం నిలిచింది. పెన్సిలిన్ వచ్చి బాలింత జ్వరానికి కళ్ళెం వేసింది. రక్తం ఎక్కించే వసతి, అంబులెన్సులు పెరిగాయి. అయితే అవన్నీ ఉన్నా, నొప్పులొచ్చిన మనిషిని సమయానికి ఆసుపత్రికి చేర్చేవాళ్ళుండాలి కదా! ఆ పని చేసింది మిడ్‌వైఫే. 1945లో అప్పటి విద్యామంత్రి కన్నంగర తెచ్చిన ఉచిత విద్యతో పల్లెటూరి ఆడపిల్లలు చదువుకున్నారు. వాళ్ళలోంచి మిడ్‌వైఫ్‌లూ వచ్చారు, మిడ్‌వైఫ్ మాట విని ఆసుపత్రికి బయలుదేరే తల్లులూ వచ్చారు.

మిడ్‌వైఫ్ పని దగ్గరగా చూడండి. ఏడాదిన్నర శిక్షణ. మూడు నుంచి అయిదు వేల జనాభా ఆమె బాధ్యత. కొత్తగా పెళ్ళయిన జంట పేరు ఆమె రిజిస్టరుకు ఎక్కుతుంది. నెల తప్పిందని తెలిస్తే ఇంటికి వస్తుంది. కంటి రెప్ప దించి రక్తహీనత చూస్తుంది, కాళ్ళ వాపు చూస్తుంది, బీపీ ఎక్కువుంటే డాక్టరు దగ్గరికి పంపుతుంది. కాన్పయ్యాక మొదటి పది రోజుల్లో మళ్ళీ వచ్చి బొడ్డు చూస్తుంది, బిడ్డ పాలు పట్టుకుంటోందా అని చూస్తుంది. 1973 నుంచి గర్భిణులకు, బాలింతలకు, బరువు తక్కువ పిల్లలకు మొక్కజొన్న, సోయా కలిపిన త్రిపోష పొట్లాలు అందుతున్నాయి.

ఇంకో పద్ధతి నన్ను బాగా ఆకట్టుకుంది. తల్లి చనిపోతే ఆ సంగతి మరుగున పడనివ్వరు. మిడ్‌వైఫ్, ఆసుపత్రి, జిల్లా అధికారులు, ప్రసూతి నిపుణులు కలిసి కూర్చుని, ఏ ఘడియలో ఏం జరిగిందో విప్పి చూస్తారు. ఎవరినో శిక్షించడానికి కాకుండా, రక్తం ఆలస్యమైందా, బండి దొరకలేదా అని తేల్చుకోవడానికి. 1968లో ఏర్పడిన ఫ్యామిలీ హెల్త్ బ్యూరో ఈ లెక్కలన్నిటినీ చూస్తుంది.

అందరికీ సమానంగా అందిందా అంటే, లేదు. తెల్లదొరలు దక్షిణ భారతంలోని తమిళ జిల్లాల నుంచి తెచ్చిన తేయాకు కూలీల పౌరసత్వాన్ని 1948 చట్టం తీసేసింది. వాళ్ళ ఆరోగ్యాన్ని చాలాకాలం తోటల యాజమాన్యాలకే వదిలేశారు. ఓటు లేనివాళ్ళ కోసం ఆసుపత్రి అడిగే నాయకుడెవరు? ఆ కూలీలు ఉండే లైన్ గదుల్లో తల్లీబిడ్డల మరణాలు మిగతా దేశం కన్నా ఎక్కువగానే ఉంటూ వచ్చాయి. మూడు దశాబ్దాల దరిదాపుగా సాగిన అంతర్యుద్ధం ఉత్తరాన, తూర్పున ఉన్న ఏర్పాట్లను ఛిద్రం చేసింది. తల్లి ప్రాణానికి ముప్పుంటే తప్ప గర్భస్రావాన్ని చట్టం ఒప్పుకోదు కాబట్టి, చాటుమాటు గర్భస్రావాలతో పోయే ప్రాణాలు ఇప్పటికీ ఉన్నాయి.

2022లో విదేశీ మారకం అడుగంటింది. మందులు, పెట్రోలు, త్రిపోష అన్నీ కరువయ్యాయి. ఆ తరవాత డాక్టర్లు, నర్సులు పెద్ద సంఖ్యలో దేశం విడిచారు. తొంభై ఏళ్ళకు పైగా కట్టుకుంటూ వచ్చిన ఈ ఏర్పాటులో మందు, మనిషి, బండి మూడూ కొరవడ్డాయి. వాటిలో మందులు, పెట్రోలు తరవాత మెల్లగా దొరకసాగాయి గానీ, వెళ్ళిపోయిన మనుషుల చోటు నింపడానికి కొత్తవాళ్ళకు ఏళ్ళ తరబడి శిక్షణ ఇవ్వాలి.